వలయం పడలేదు

పొగతోటలో మా ల్యాబుకి కిటికీ లేదు.
ఇంక్యుబేటరు నుదుటి మీద ఎర్రటి అంకె: ముప్పై ఏడు.
జ్వరం లేని మనిషి ఒంటి వేడి అది.
లోపల ఆరు రోజులుగా
పోలేరయ్య కడుపు పెరుగుతోంది.

కడుపంటే కడుపు కాదు.
గొట్టం దించి డాక్టరమ్మ గిల్లి తెచ్చిన
బియ్యపు నూకంత తునక.
అందులో సగం పసుపు చుక్కలో వేస్తే
అరగంటలో గులాబీ రంగు తిరిగింది.
"పూసిందే!" అన్నాడాయన, నా భుజం మీంచి తొంగిచూసి.
మంచిదే అనుకున్నాడు.

మైపాడు దారిలో రొయ్యల గుంటలకి కాపలా.
రాత్రంతా ఏరేటర్ల చప్పుడు,
తెల్లారుజామున పొట్టలో నిప్పు.
"సద్దికూడు తింటే రొంత తగ్గుద్దమ్మా, మళ్లా మామూలే"
అంటూ ఒక కవరు నా బల్ల మీద బోర్లించాడు.

అన్నీ కత్తిరించిన షీట్లే.
మూడు గోలీలు, రెండు, ఒకటి.
కత్తెర సరిగ్గా పేరు మీద పడి
ఒకదాని మీద 'మైసిన్' అని మిగిలింది,
ఇంకోదాని మీద 'అమాక్సి'.
ఆర్ఎంపీ చెంచురామయ్య చేతివి కొన్ని,
పన్నుపోటుకి వాళ్ల వదిన వాడగా మిగిలినవి కొన్ని,
గుంటల కాడ ఎవరో ఇచ్చిన తెల్లపొడి పొట్లం ఒకటి,
అది రొయ్యలదో మనిషిదో ఆయనకీ తెలీదు.
"నొప్పి పోయినాక ఇంకెందుకు మింగేది?
దాచిపెట్టా. పనికొస్తయ్యి గదా."
గింజ పారేయడం తెలీని చెయ్యి,
గోలీని మాత్రం ఎట్టా పారేస్తుంది?

మందు.
మా దగ్గర ఎన్నిటికి ఈ ఒక్క మాట!
వరికి కొట్టేది మందు, గుంటలో కలిపేది మందు,
చీకటిపడితే ముత్తుకూరు రోడ్డులో క్వార్టరు మందు,
టపాకాయలో కూరేది మందు,
చంటిదానికి దగ్గొస్తే మందు.
ఇన్నిటి మధ్య పుట్టి పెరిగిన పురుగు
మందు పేరు చెబితే ఉలిక్కిపడుతుందా?

ఆరోనాడు పెరిగినదాన్ని కొత్త పళ్లెం మీద పూశాను.
ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు
నాలుగు మందు బిళ్లలు పెట్టి మూత వేశాను.
ఇంకో మూడు రోజులు.
మందుకి లొంగితే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం పడాలి,
చందమామకి వరదగుడి కట్టినట్టు.

మొదటి బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉన్నాయి,
చెమట బొట్లంత సన్నగా, నింపాదిగా.
రెండోదీ అంతే.
మూడోదానికి ఉంగరమంత.
నాలుగోదానికి, అమ్మయ్య, వరదగుడి.

డాక్టరమ్మ జనవరి నుంచి లెక్క తియ్యమంది.
అల్లూరు, కొడవలూరు, తోటపల్లిగూడూరు, కోవూరు, మళ్లీ అల్లూరు.
ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు,
కడుపులో మాత్రం ఒకే మొండితనం.
లొంగనివాటికి ఎర్రగా రాస్తూపోతే
సగంలోనే ఎర్ర పెన్ను ఎండిపోయింది.
మిగతావి నీలంతో రాశాను.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుద్దంటారు.
ఇక్కడ రిజిస్టరులో పడుతోంది.

పోలేరయ్యని పిలిచి చెప్పాను:
ఇదొక్కటే మిగిలింది, పద్నాలుగు రోజులు,
ఒక్క పూట కూడా మానకూడదు.
ధర విన్నాడు. కాసేపు గోడ చూశాడు.
"నాలుగు రోజులకి కత్తిరించి ఇస్తారామ్మా?"

ఆ రాత్రి ఇంట్లో సూదీదారం కోసం
బిస్కెట్ల డబ్బా తీశాను.
అడుగున ఒక షీటు. పోయినేటి జ్వరానిది.
ఐదిస్తే మూడు మింగి
తగ్గిందని మానేసింది నేనే.
మిగిలిన రెండూ అరచేతిలో పెట్టుకుని
పెరటి మురుగ్గాలవ దాకా వెళ్లి
ఆగిపోయాను.
ఆ కాలవ ఏ గుంటల వైపు పోద్దో
నాకు తెలుసు.